మీకు తెలుసా? డబ్బా మీద అంకెలు, డ్రమ్ము మీద వాన

◆ ఇంజన్ ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనో, 5డబ్ల్యూ-30 అనో రాసి ఉంటుంది. అందులో ‘డబ్ల్యూ’ ఏమిటో తెలుసా? బరువు అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది చలికాలం, వింటర్ అనే మాటకు మొదటి అక్షరం. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆ ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ చలికి తట్టుకుంటుంది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 10డబ్ల్యూకి మైనస్ 25, 5డబ్ల్యూకి మైనస్ 30, 0డబ్ల్యూకి మైనస్ 35. చివరి అంకెది వేడి సంగతి. 100 డిగ్రీలకు కాగినప్పుడు ఆయిల్‌లో ఎంత చిక్కదనం మిగిలిందో చూసి 20, 30, 40, 50 అని తరగతి ఇస్తారు. ఈ కొలతలు అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం పెట్టినవి. 1911లో మొదలుపెట్టిన పట్టికను సవరించుకుంటూ ఇవాళ్టి దాకా నడుపుతున్నారు. డబ్బా మీద ఎస్ఏఈ అని కనిపించేది ఆ సంఘం పేరే.

◆ మరి మనకు మైనస్ 20 ఎక్కడుంది? లంబసింగిలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు కదా, ఆ ముందు అంకెతో మనకేం పని?

పని ఉంది. మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 14, 15 సెంటీస్టోకుల చిక్కదనంతో ఉంటుంది. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర దాదాపు 110. అంటే ఏడు రెట్లకు పైనే చిక్కన. 40 డిగ్రీలంటే మనకు ఏమిటి? నడివేసవి మధ్యాహ్నం! రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా, నిలబెట్టి ఉంచిన బండి ఇంజన్‌కి అది చలికాలమే. తాళం తిప్పిన క్షణంలో ఆయిల్ అంతా కింద చాంబర్‌లో ఉంటుంది. అక్కడి నుంచి పంపు లాగితే పైన క్యామ్ షాఫ్ట్ దాకా, టర్బో బేరింగుల దాకా ఎక్కాలి. కారు టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు. అందుకే స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కిపట్టి గర్జింపజేయకూడదు. అర నిమిషం ఆగి, మెల్లగా కదిలించి, కాసేపు ఒత్తిడి పెట్టకుండా నడిపితే చాలు. ముందు అంకె తక్కువున్న ఆయిల్ ఆ ఎక్కడం త్వరగా ఎక్కుతుంది. మన ఎండల్లో కూడా ఆ అంకె వల్ల లాభం ఇదే.

◆ “కొంచెం చిక్కటిది పోయండి, బండి పాతది” అని షాపులో రోజూ వినిపించే మాట. ఇంజన్ మీద ప్రేమతోనే అంటారు. కానీ చిక్కదనం బలానికి కొలత కాదు. కొత్త ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నం, బేరింగుల మధ్య సందు తక్కువ. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో సర్దే యంత్రాంగం కూడా చాలా ఇంజన్లలో ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. 0డబ్ల్యూ-20 అడిగే పెట్రోల్ కారులో 20డబ్ల్యూ-50 పోస్తే ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది, మైలేజీ పడిపోతుంది. తారుమారైనా తప్పే. 15డబ్ల్యూ-40 కోసం చేసిన లారీ ఇంజన్‌లో పలుచటి 0డబ్ల్యూ-20 పోస్తే, బరువెక్కి ఘాట్ ఎక్కేటప్పుడు బేరింగు దగ్గర నిలవాల్సిన పొర నిలవదు. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంత పలుచని పొర మీదే క్రాంకు తేలుతూ తిరుగుతుంది. ఏ అంకె పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఎక్కువ కార్లలో ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. ఈ ఆదివారం తీసి ఆ ఒక్క పేజీ చూడండి.

◆ ఒకే ఆయిల్‌కి రెండు అంకెలు ఎలా వచ్చాయి? వేడెక్కితే ఏ నూనైనా పలుచనవుతుంది, వంటింట్లో బాణలి చూసినవాళ్లందరికీ తెలుసు. ఇంజన్ ఆయిల్‌లో మాత్రం పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ఉండ చుట్టుకుని ముడుచుకుంటాయి, ఆయిల్ కదలికకు అంతగా అడ్డురావు. వేడెక్కేకొద్దీ ఆ ఉండలు విచ్చుకుని ఆయిల్‌ను మరీ పలుచబడనివ్వవు. ఈ మల్టీగ్రేడ్ ఆయిళ్లు 1950లలో వాడుకలోకి వచ్చాయి. అంతకుముందు చలిదేశాల్లో చలికాలానికి ఒక ఆయిల్, ఎండాకాలానికి ఒక ఆయిల్ మార్చుకునేవారు. ఆ గొలుసులు గేర్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి క్రమంగా తెగిపోతాయి. పాతబడిన ఆయిల్ పలుచనవడానికి అదొక కారణం.

◆ లూబ్రికెంట్‌కి మన తాతల కాలం నుంచీ ఉన్న మాట ‘కందెన’. ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పూసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత అలా పుట్టిందే. ఆ ఆముదానికీ ఇవాళ్టి ఇంజన్ ఆయిల్ డబ్బాకీ సంబంధం ఉంది. 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ ఇంగ్లండులో పెట్టిన కంపెనీ, తర్వాత ఆముదం కలిపి తయారుచేసిన ఆయిల్‌కి, ఆముదపు ఇంగ్లీషు పేరు ‘క్యాస్టర్’ నుంచే ‘క్యాస్ట్రాల్’ అని పేరు పెట్టుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకు వాడిన రోటరీ ఇంజన్లు ఆముదంతోనే తిరిగాయి. ఆ ఇంజన్లలో పెట్రోల్, గాలి కలిసి క్రాంకు ఉన్న గది గుండానే వెళ్లేవి. మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోల్‌లో కరిగి కొట్టుకుపోతుంది. ఆముదం పెట్రోల్‌లో అంత సులువుగా కలవదు. ఇబ్బంది ఏమిటంటే, ఆ ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి రాదు, పొగతో పాటు బయటికి పోతుంది. పైలట్లు ఎగిరినంతసేపూ ఆముదం ఆవిరి పీల్చాల్సి వచ్చేది. ఆముదం తాగిస్తే ఏమవుతుందో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు కాబట్టి, వాళ్ల అవస్థ ఊహించుకోవచ్చు. ఇంజన్లలో ఆముదం నిలవకపోవడానికి కారణం, వేడికి అది జిగురై రింగుల దగ్గర పట్టేయడం.

◆ ‘ఫుల్లీ సింథటిక్’ అంటే ముడి చమురుతో సంబంధం లేనిదనుకుంటున్నారా? అన్నిసార్లూ కాదు. ముడి చమురు నుంచి వచ్చినదాన్నే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి, అణువులను తిరగకట్టి తయారుచేసిన మూడో గ్రూపు నూనెలను కూడా చాలా దేశాల్లో ఆ పేరుతోనే అమ్ముతారు. అలా అమ్మొచ్చా లేదా అన్న తగువు అమెరికాలో వ్యాపార ప్రకటనల మధ్యవర్తి సంస్థ దాకా వెళ్లింది. అమ్మొచ్చని 1999లో తీర్పు వచ్చింది. అంతమాత్రాన ఆ నూనెలు నాసిరకం కావు, మామూలు మినరల్ ఆయిల్ కంటే వేడిని బాగా ఓర్చుకుంటాయి. ఆ పెద్ద అక్షరాల పక్కన చిన్నగా రాసిన ప్రమాణాలే మీ ఇంజన్‌కి సరిపోతుందో లేదో చెప్పేవి.

◆ ఆ చిన్న అక్షరాలు చదవడం ఇలా: అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చే తరగతుల్లో ‘ఎస్’తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు, ‘సి’తో మొదలైతే డీజిల్ ఇంజన్లకు. తర్వాతి అక్షరం వర్ణక్రమంలో ముందుకు పోయేకొద్దీ కొత్తది. ఎస్ఎన్ కంటే ఎస్‌పీ కొత్తది, అది 2020లో వచ్చింది. దాని తర్వాతి ఎస్‌క్యూ 2025లో వచ్చింది. పెట్రోల్ వరసలో కొత్తది పాత బండికి పనికొస్తుంది, పాతది కొత్త బండికి పనికిరాదు. అన్నిటికంటే మొదటిదైన ఎస్ఏ తరగతి 1930 తర్వాత తయారైన చాలా పెట్రోల్ ఇంజన్లకు తగదని ఆ సంస్థే చెబుతుంది. తరగతి ఏమీ రాయని చౌక డబ్బా చేతికొస్తే ఇది గుర్తు చేసుకోండి.

◆ కారులో పోయగా మిగిలిన అర లీటరు మోటార్‌సైకిల్‌లో పోయకండి. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కార్ల ఆయిల్‌లో కలిపే జారుడు రసాయనాలు ఆ ప్లేట్ల పట్టు వదిలిస్తాయి. గేరు పడుతుంది, ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. బైకు ఆయిల్ మీద జాసో ఎంఏ, లేదా ఎంఏ2 అని ఉండాలి.

◆ 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బండ్లన్నీ బీఎస్-6. ఈ డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అప్పుడప్పుడూ బాగా వేడెక్కించి అదే కాల్చేసుకుంటుంది. మసి కాలుతుంది కానీ బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కడిదంటే, ఎక్కువ భాగం ఇంజన్ ఆయిల్‌దే. ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింకు రసాయనాలు, రింగులు దాటి పైకి వెళ్లి కాలిన ప్రతి చుక్కతోనూ బూడిదగా మిగిలి ఆ ఫిల్టర్‌లో చేరతాయి. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిళ్లు వేరే తయారయ్యాయి. డీజిల్ వరసలో సీజే-4, సీకే-4 ఆ రకం. సీఐ-4 అంతకు ముందుది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పాత లారీలూ కొత్త లారీలూ కలిసి ఉన్న షెడ్డులో. డ్రమ్ము ఒకటే, అది ఎప్పుడో కొన్న సీఐ-4. డ్రమ్ము ఉండగా ఇంకోటి కొనడం ఎందుకని కొత్త లారీలో కూడా అదే పోస్తారు. లారీ బాగానే నడుస్తుంది, మర్నాడూ నడుస్తుంది. ఫిల్టర్ నిండడానికి నెలలు పడుతుంది కాబట్టి, నిండాక వచ్చే బిల్లును ఎవరూ ఆ డ్రమ్ముతో ముడిపెట్టరు. ఆ ఫిల్టర్ ఖరీదు తెలిసినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. షెడ్డులో ఒకే డ్రమ్ము ఉంచాలనుకుంటే పై తరగతి ఉంచండి. సీకే-4 పాత లారీకి దిగగలదు, సీఐ-4 కొత్త లారీకి ఎక్కలేదు. సీకే-4తో పాటే 2016లో వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం వేరే సంగతి. అది పలుచటిది, కంపెనీ వాడమని చెప్పిన ఇంజన్లకు మాత్రమే.

◆ ఆ డ్రమ్ము పక్కనే ఉండే ‘యూరియా’ క్యాన్ సంగతి. బీఎస్-6 లారీలకు పోసే ఆ ద్రవం 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. ఆయిల్ కంటే ఎంతో త్వరగా పాడవుతుంది. 25 డిగ్రీలు మించకుండా ఉంచితే ఏడాదిన్నర నిలుస్తుంది, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే. రేకుల షెడ్డులో మే నెలలో లోపల ఎంత ఉంటుందో మీకే తెలుసు. నీడపట్టున, నేలకు దగ్గరగా పెట్టండి. ఆయిల్ పోసే గరాటును మాత్రం దానికి ఎప్పుడూ వాడకండి.

◆ ఆయిల్ మట్టం చూసే గేజి తీసి, చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, “నలుపెక్కింది, జిగురు పోయింది, మార్చేయాలి” అనేస్తారు. వేళ్ల మధ్య వేడి 35 డిగ్రీలు. ఇంజన్‌లో ఆ ఆయిల్ పనిచేసేది 100 డిగ్రీల దగ్గర. అక్కడ ఎలా ఉంటుందో వేలికి తెలిసే దారే లేదు. నలుపు సంగతి కూడా అంతే. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ కొత్తది పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అందులోని రసాయనాలు మసి రేణువులను ఒకదానికొకటి అంటకుండా విడదీసి, తమలో తేలుస్తూ ఆయిల్ ఫిల్టర్ దాకా, చివరికి డ్రెయిన్ బోల్టు దాకా మోసుకొస్తాయి. ఆ మసి ఆయిల్‌లో లేకపోతే రింగుల సందుల్లో ఉండేది.

రంగు చూసి భయపడాల్సిన సందర్భం వేరే ఉంది. గేజి మీద ఆయిల్ మజ్జిగలా తెల్లబారితే అందులో నీళ్లు చేరాయని అర్థం. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ దిగుతుండవచ్చు. అప్పుడు బండి కదపకండి, మెకానిక్‌ని పిలిపించండి.

◆ గేజి మీద ఆయిల్ మట్టం తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే ఎవరూ పడరు. పడాలి! మసి ఫిల్టర్ ఉన్న డీజిల్ కారును రోజూ రెండు మూడు కిలోమీటర్లు, పిల్లల బడి దాకా, కూరగాయల బజారు దాకా మాత్రమే తిప్పితే, మసి కాల్చుకునే పని మొదలవుతుంది కానీ పూర్తవదు. వేడి పెంచడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి చాంబర్‌లోకి దిగుతుంది. మట్టం పెరుగుతుంది, ఆయిల్ పలుచనవుతుంది, వాసన చూస్తే డీజిల్ తెలుస్తుంది. వారానికోసారి హైవే ఎక్కి అరగంట ఆగకుండా నడపడం చాలామందికి సరిపోయే మందు.

చేత్తో ఎక్కువ పోసినా కష్టమే. మట్టం పైగీత దాటితే తిరిగే క్రాంకు ఆయిల్‌ను చిలుకుతుంది, నురగ పుడుతుంది. నురగను పంపు సరిగా తోయలేదు. అందుకని కొలిచి పోయండి. బండి సమతలం మీద ఆపి, ఇంజన్ కట్టేసి, అయిదు పది నిమిషాలు ఆగి, గేజి ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి.

◆ ఇక ఈ శీర్షికలో నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది, డ్రమ్ము సంగతి.

మా మేనమామకు రెండు లారీలు ఉండేవి. గుంటూరు వైపు మిర్చి, పత్తి తోలేవారు. షెడ్డు గోడ వెనక 210 లీటర్ల డ్రమ్ము, నిలబెట్టి, మీద పాత పట్టా కప్పి ఉండేది. ఒక ఏడు వానలు పడుతుండగా ఆయిల్ మార్చబోతే, పంపు కొట్టిన మొదటి లీటరు టీ రంగులో, మబ్బు పట్టినట్టు వచ్చింది. మామయ్య కోపమంతా అమ్మిన షాపు మీద. “నీళ్లు కలిపి అంటగట్టాడు” అని చొక్కా వేసుకుని బయల్దేరారు. మేస్త్రి ఆపాడు. స్టవ్ మీద పాత రేకు పెట్టి కాగనిచ్చాడు. ఆ ఆయిల్ రెండు చుక్కలు వేస్తే తాలింపు వేసినట్టు చిటపటలాడింది. లోపల గోడవారగా ఉన్న సీలు తీయని డబ్బాలోంచి రెండు చుక్కలు వేస్తే చప్పుడు లేకుండా పొగలు వచ్చాయి. రెండూ ఒకే షాపులో కొన్నవే. అప్పుడు మామయ్యను గోడ వెనక్కి తీసుకెళ్లి పట్టా తీశాడు. డ్రమ్ము పైఅంచు గట్టులా ఎత్తుగా ఉంటుంది కదా, ఆ పళ్లెంలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. పెద్ద బిరడా ఆ నీళ్లలో మునిగి ఉంది.

బిరడా బిగించే ఉంది, మరి నీళ్లు ఎలా దిగాయి? డ్రమ్ము ఊపిరి పీలుస్తుంది. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బిరడా మరల సందుల్లోంచి కొంచెం కొంచెం బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి డ్రమ్ము చల్లబడగానే లోపల గాలి కుంచించుకుని వెలితి పుడుతుంది. ఆ వెలితి అదే సందుల్లోంచి పైనున్న నీళ్లను లోపలికి లాగుతుంది. రోజుకో ఊపిరి. వానాకాలమంతా ఇలా జరిగితే అడుగున నీళ్లు చేరడానికి ఎవరూ కలపనక్కర్లేదు. ఆ నీళ్లు ఆయిల్‌లోని రసాయనాలను విరగ్గొడతాయి, ఇంజన్‌లోకి వెళ్తే బేరింగులకు తుప్పు తెస్తాయి.

సరిగా పెట్టే పద్ధతి పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మొదటిది, కప్పు కింద పెట్టడం. ఆరుబయట తప్పకపోతే దుంగల మీద పడుకోబెట్టాలి. పడుకోబెట్టేటప్పుడు రెండు బిరడాలూ గడియారంలో 3 దగ్గర ఒకటి, 9 దగ్గర ఒకటి వచ్చేట్టు తిప్పాలి. నిండు డ్రమ్ములో అప్పుడు రెండు బిరడాల వెనకా ఆయిలే ఉంటుంది. గాలి వాటిని తాకదు, ఊపిరాడదు. నిలబెట్టక తప్పని చోట, ఒక పక్క కింద చెక్క పెట్టి కాస్త వాల్చాలి. వాలిన వైపు నీళ్లు చేరినా బిరడాలను తాకకుండా అవి అటూ ఇటూ పక్కలకు వచ్చేట్టు చూసుకోవాలి. నిండు డ్రమ్ము సుమారు 200 కిలోలు ఉంటుంది, ఒక్కరే దొర్లించబోకండి.

◆ డ్రమ్ము పద్ధతిగా పెట్టి కొలపాత్ర సంగతి మరిచిపోయేవాళ్లున్నారు. మేకుకు వేలాడే గరాటు, మూతలేని జగ్గు, వాటికి అంటిన ఆయిల్ జిడ్డు, ఆ జిడ్డుకు అంటిన రోడ్డు దుమ్ము. దుమ్ములో ఉండే ఇసుక రేణువు 10, 20 మైక్రాన్లు. బేరింగు దగ్గర ఆయిల్ పొర అంతకంటే పలుచన అని ముందే చెప్పుకున్నాం. పోసే ముందు గరాటును పోగులు రాలని గుడ్డతో తుడవండి, వాడాక కవరులో కట్టిపెట్టండి. కాటన్ వేస్ట్‌తో తుడిస్తే దాని పోగులే లోపలికి పోతాయి.

◆ ఇంట్లో మిగిలిన డబ్బా: సీలు తీయని ఆయిల్ నీడలో, పొడి చోట ఉంటే సాధారణంగా అయిదేళ్లు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు. తయారైన తేదీ డబ్బా మీదే ఉంటుంది. తెరిచినదైతే మూత గట్టిగా బిగించి, తెరిచిన తేదీ మార్కర్‌తో రాసి, తర్వాతి టాప్ అప్‌కి ముందు దాన్నే వాడండి. బాత్రూం పక్కన, బావి మోటారు గదిలో పెట్టకండి, తేమ చేరుతుంది. ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను: మిగిలిన ఆయిల్‌ను నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచకండి. కొత్త ఆయిల్ రంగు తేనెలా ఉంటుంది. పిల్లలకు తేడా తెలియదు.

◆ ఖాళీ డబ్బా విలువ ఎంతో తెలుసా? నకిలీ ఆయిల్ నింపేవాడికి అసలు కంపెనీ డబ్బా, అసలు మూత, అసలు స్టిక్కరు కంటే కావలసింది ఏముంది! ఆయిల్ పోయించుకున్నాక డబ్బా అక్కడే వదిలి రాకండి. అడుగున మేకుతో రెండు చిల్లులు పొడిచి, స్టిక్కరు చింపి ఇవ్వండి. కొనేటప్పుడు మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో, మూత మీద బ్యాచ్ నంబరూ డబ్బా మీద నంబరూ ఒకటో కాదో చూడండి. మీ కళ్ల ముందే సీలు తీయమనండి. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు.

◆ ‘పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది’ అన్న వాక్యంలో రెండో సగాన్ని చాలామంది చదవరు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లే తిరిగే కారులో కూడా ఆయిల్ పాతబడుతుంది. దగ్గర దూరాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పుట్టిన తేమ ఆవిరై పోదు. ట్రాక్టర్‌కైతే కిలోమీటర్లతో పనే లేదు, మీటరు మీద గంటలే లెక్క. దమ్ము చేసే సీజనులో ఒక నెలలోనే ఆ గంటలు నిండిపోవచ్చు.

◆ చివరిగా, చాంబర్‌లోంచి దించిన పాత ఆయిల్. సెంట్రింగ్ రేకులకు పూస్తారు, చెదలు పట్టకుండా వాసాలకు పూస్తారు, షెడ్డు ముందు దుమ్ము లేవకుండా చల్లుతారు. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. ఏళ్ల తరబడి చర్మానికి అంటితే క్యాన్సర్ ముప్పు ఉంది, కాబట్టి మెకానిక్ కుర్రాళ్లకు చేతి తొడుగులు కొనివ్వడం ఓనరు పని. ఒక్కసారి ఆయిల్ మార్చగా వచ్చిన పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. షెడ్డు వెనక కాలవ ఉంటే, కాలవ కింద చెరువు ఉంటే, ఆ లెక్క మనదే.

దాన్ని మళ్లీ ఆయిల్ చేయవచ్చు. ఒక పీపా, అంటే 159 లీటర్ల ముడి చమురు నుంచి వచ్చేంత లూబ్రికెంట్ 3.8 లీటర్ల పాత ఆయిల్ నుంచి తీయవచ్చని అదే సంస్థ లెక్క, సుమారు 2.4 లీటర్లు. మన దేశంలో 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారులు, దిగుమతిదారులు తాము అమ్మినదాంట్లో కొంత భాగం రీసైక్లింగ్‌కి చేరేలా చూడాలని నిబంధన వచ్చింది. మనవైపు పని, దాన్ని శుభ్రంగా దాచి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇవ్వడం. కూలెంటు, బ్రేక్ ఆయిల్, పెట్రోల్, ఏదీ అందులో కలపకూడదు. కలిసిందంటే తిరిగి ఆయిల్ చేయడం కష్టం.

మామయ్య షెడ్డులో ఇప్పుడు రెండు డ్రమ్ములు ఉన్నాయి. కొత్త ఆయిల్‌ది కప్పు కింద దుంగల మీద పడుకుని ఉంటుంది. పాత ఆయిల్‌ది దానికి దూరంగా, సున్నంతో ‘పాతది’ అని రాసి. మృగశిర కార్తెకు ముందు రోజు రెండింటి బిరడాలూ ఆయనే స్వయంగా బిగిస్తారు.